వాయిదాలు కడుతుండగా మీదపడే ఖర్చులు: అప్పు ఒప్పందం చెడకుండా నెట్టుకురావడం ఎలా?

బ్యాంకుతో మాట్లాడి ఈఎంఐ తగ్గించుకున్నాక, లేదా క్రెడిట్ కార్డు బాకీని సెటిల్‌మెంట్‌కు తెచ్చుకున్నాక ఇంట్లో కాస్త ఊపిరాడుతుంది. రికవరీ ఫోన్లు ఆగుతాయి. ఒకటి రెండు నెలలు వాయిదా సజావుగానే పడుతుంది. మూడో నెలలో పిల్లాడికి జ్వరం, రక్తపరీక్షలు. వారం తిరక్కుండానే బండి టైరు పోతుంది. చేతిలో ఉన్నదంతా అటు వెళ్లిపోయి, ఐదో తేదీన ఖాతాలో వాయిదాకు చాలినంత ఉండదు. ఒప్పందాలు ఎక్కువగా చెడేది ఇలాగే. తిండి, అద్దె, వాయిదా తప్ప ఇంక ఖర్చులే ఉండవన్నట్టు మొదట్లో లెక్క వేసుకోవడమే దీనికి మూలం.

"అప్పు తీరేదాకా ప్రతి రూపాయీ అప్పుకే కట్టాలి, అంతవరకూ పొదుపు మాట ఎత్తొద్దు" అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ చేతిలో చిల్లిగవ్వ ఉంచుకోకుండా అప్పు తీర్చేవాడు మొదటి ఆసుపత్రి బిల్లుకే కొత్త అప్పు చేస్తాడు, అదీ పాతదానికంటే ఎక్కువ వడ్డీకి. అందుకే వాయిదా మొదలైన నెల నుంచే కొంత పక్కన పెట్టాలంటాను. ఎంత పెట్టాలి, ఎక్కడ దాచాలి, నిజంగానే కష్టం వస్తే ఏ వరుసలో ఏం చేయాలి అన్నది వరుసగా చూద్దాం.

మొదటి అడుగు: ఒప్పందం కాగితాన్ని ఇంకోసారి చదవండి

ఒక్క వాయిదా తప్పితే ఏమవుతుందన్నది అన్ని ఒప్పందాల్లో ఒకేలా ఉండదు. మీది ఏ రకమో తెలియకుండా బడ్జెట్ వేసి లాభం లేదు.

బ్యాంకు గడువు పెంచి ఈఎంఐ తగ్గించిన లోన్ అయితే ఒక నెల ఆలస్యానికి బౌన్స్ ఛార్జీ, పీనల్ ఛార్జీ (ఆలస్యానికి వేసే జరిమానా) పడతాయి, క్రెడిట్ రిపోర్టులో ఆ ఆలస్యం కనిపిస్తుంది. వాయిదా గడువు దాటి 90 రోజులు మించితే ఖాతాను మొండి బాకీ కింద, అంటే ఎన్‌పీఏగా చూపిస్తారు. అంతకుముందే 30, 60 రోజుల దగ్గర బ్యాంకు లోపల హెచ్చరిక దశలు ఉంటాయి. కాబట్టి ఒక నెల తప్పితే కొంప మునిగిపోదు, కానీ రెండో నెల దాకా సాగనివ్వకూడదు.

సెటిల్‌మెంట్ సంగతి వేరు. రెండు లక్షల బాకీకి లక్షా ఇరవై వేలు మూడు నాలుగు విడతల్లో కట్టేలా ఒప్పుకున్నారనుకోండి. అలాంటి లేఖల్లో సాధారణంగా ఒక వాక్యం ఉంటుంది: ఏ విడత గడువు దాటినా ఇచ్చిన రాయితీ రద్దవుతుంది, పాత బాకీ మొత్తం వడ్డీతో సహా మళ్లీ నిలబడుతుంది. ఒక్క విడత తప్పితే ఎనభై వేల రాయితీ పోతుందన్నమాట. ఇలాంటి ఒప్పందానికి వెళ్లేవాళ్లు విడతల డబ్బు చాలామటుకు చేతికి వచ్చాకే సంతకం పెట్టడం మేలు. లోక్ అదాలత్‌లో రాజీ పడితే ఇంకా జాగ్రత్తగా ఉండాలి. అక్కడిచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది, దానిమీద అప్పీలు ఉండదు.

డ్వాక్రా గ్రూపు లోనో మైక్రోఫైనాన్స్ గ్రూపు లోనో అయితే మీరు కట్టనిది తోటి సభ్యుల మీద పడుతుంది. అక్కడ పోయేది వడ్డీ కంటే ముందు మాట. ఊళ్లో నోటు రాసి తెచ్చిన అప్పుకు పెద్దమనుషుల ముందు వాయిదాలు కుదిరితే, కట్టిన ప్రతిసారీ నోటు వెనక జమ రాయించుకోండి. మరుసటి నెల గడువు అడగాల్సి వచ్చినప్పుడు ఆ జమలే మీ తరఫున మాట్లాడతాయి.

కాగితంలో ఇవి వెతకండి: గడువు తేదీ తర్వాత ఎన్ని రోజులు ఆగుతారు, వాయిదాలో కొంత భాగం కడితే తీసుకుంటారా, వడ్డీ ఆగిందా నడుస్తోందా, తేదీ మార్చుకోవచ్చా. జీతం ఒకటో తేదీన వచ్చేవాళ్లకు ఐదో తేదీ బాగుంటుంది. జీతం ఏడో తేదీ దాకా లాగే కంపెనీలో పనిచేస్తుంటే ఐదో తేదీ వాయిదా ప్రతినెలా టెన్షనే. ముందు ఆ తేదీ మార్పించుకోండి.

రెండో అడుగు: గడిచిన ఏడాది అనుకోని ఖర్చులన్నీ రాయండి

ఒక సాయంత్రం కూర్చుని ఫోన్‌పే, గూగుల్‌పే హిస్టరీ, బ్యాంకు స్టేట్‌మెంట్ పన్నెండు నెలలవి ముందు పెట్టుకోండి. నెలనెలా వచ్చే అద్దె, సరుకులు, కరెంటు వదిలేసి మిగిలినవి మాత్రం ఒక కాగితం మీద దించండి. భార్యాభర్తలిద్దరూ కూర్చుంటేనే ఇది పూర్తవుతుంది, ఎందుకంటే సగం ఖర్చులు ఒకరికి గుర్తుంటే సగం ఇంకొకరికి గుర్తుంటాయి.

హైదరాబాద్ శివార్లలో అద్దెకుండే నలుగురి కుటుంబానికి లెక్క ఇలా తేలిందనుకుందాం. జూన్‌లో పుస్తకాలు, యూనిఫాం, బూట్లు 9,500. బండి ఇన్సూరెన్స్ 1,300. రెండు టైర్లు 4,200. ఇద్దరికి రెండుసార్లు జ్వరాలు, టెస్టులతో కలిపి 5,600. అపార్ట్‌మెంట్ బోరు మోటారు కాలిపోతే వాటాకు వచ్చింది 1,500. ఫోన్ డిస్‌ప్లే 3,200. నాన్నకు కంటి పరీక్ష, కళ్లద్దాలు 3,800. ఫ్రిజ్ రిపేరు 2,700. పెళ్లిళ్లు, ఒక గృహప్రవేశం, వాటి చదివింపులు, బట్టలు, బస్సు ఛార్జీలు 11,000. సంక్రాంతికి ఊరెళ్లి రావడం 7,000. దగ్గరి బంధువు పోతే హుటాహుటిన వెళ్లిన ఖర్చు 2,400. అన్నీ కలిపితే 52,200. నెలకు 4,350.

ఇప్పుడు ఆ జాబితాను మళ్లీ చూడండి. బడి, ఇన్సూరెన్స్, సంక్రాంతి ఎప్పుడొస్తాయో క్యాలెండర్ చెబుతుంది. పెళ్లిళ్ల ముహూర్తాలు ఏ నెలల్లో పడతాయో అందరికీ తెలుసు. ఇవన్నీ కలిపి 28,800. టైర్లు, జ్వరాలు, ఫోన్, మోటారు, కళ్లద్దాలు, ఫ్రిజ్ ఏ రోజు వస్తాయో తెలియదు కానీ ఏడాదిలో ఇలాంటివి వస్తాయని తెలుసు. అవి 21,000. నిజంగా ఊహకందనిది చావు ఖర్చు 2,400 ఒక్కటే. యాభై రెండు వేలలో అంతే. మిగిలినదంతా మనం ముందే చూడగలిగీ చూడనిది.

మూడో అడుగు: వాయిదా ఎంత మోయగలరో ఆ తర్వాతే చెప్పండి

అదే కుటుంబానికి నెలకు చేతికొచ్చేది 38,000 అనుకుందాం. అద్దె 9,000, సరుకులు, పాలు, గ్యాస్ 9,500, కరెంటు, నీళ్లు, ఫోన్లు 2,200, పెట్రోలు 2,500, బడి వ్యాన్, ట్యూషన్ 2,800, పెద్దవాళ్ల మందులు 1,500, చిల్లర మల్లర 1,500. మొత్తం 29,000. మిగిలేది 9,000.

బ్యాంకు మనిషి అడిగేది ఈ తొమ్మిది వేల గురించే. "నెలకు తొమ్మిది కట్టేయండి సార్, తొందరగా అయిపోతుంది" అంటాడు. మొహమాటానికో, ఆ రోజు ఆ గదిలోంచి బయటపడితే చాలన్న ఆదుర్దాతోనో చాలామంది ఊ అంటారు. నిజానికి ఈ ఇంటికి మిగిలేది 9,000 లోంచి 4,350 తీసేస్తే వచ్చే 4,650. పెళ్లిళ్లు, పండగ ప్రయాణం ఖర్చు సగానికి తగ్గించుకుంటే నెలకు ఇంకో 750 దొరుకుతుంది. అప్పుడు 5,400 దాకా మోయగలరు. అడగాల్సింది ఆ అంకె. ఏడాది ఖర్చుల కాగితం, రసీదులు, జీతం స్లిప్పు జత చేసి రాతపూర్వకంగా అడిగితే బేరం వేరుగా ఉంటుంది. వాళ్లకూ నాలుగు నెలల్లో చెడిపోయే తొమ్మిది వేల కంటే చివరిదాకా నడిచే ఐదు వేల నాలుగొందలే లాభం.

ఇప్పటికే ఎక్కువకు ఒప్పుకుని ఉంటే రెండు మూడు వాయిదాలు సక్రమంగా కట్టాక సవరించమని అడగండి. కట్టడం మానేశాక అడిగితే ఆ మాటకు బరువుండదు.

బడ్జెట్ బిగించేటప్పుడు రెండింటి జోలికి మాత్రం వెళ్లొద్దు. ఒకటి, ఉన్న ఆరోగ్య బీమా. ప్రీమియం మిగులుతుందని ఆపేస్తే తర్వాత గోరుచుట్టుపై రోకటిపోటే. రెండోది, సురక్షా బీమా యోజన ఏడాదికి 20 రూపాయలు, జీవన్ జ్యోతి 436 రూపాయలు. సురక్షా ప్రమాదంలో మరణిస్తే, జీవన్ జ్యోతి ఏ కారణంతో పోయినా కుటుంబానికి రెండు లక్షలు ఇస్తుంది. మే నెలాఖరులో ఖాతాలో ఆ డబ్బు ఉండేలా చూసుకోండి. ఇంటి పెద్ద పేరు మీదే అప్పులన్నీ ఉన్నప్పుడు ఈ 456 రూపాయలను ఖర్చనుకోవద్దు.

నాలుగో అడుగు: డబ్బును రెండు చోట్ల పెట్టండి

ఒకటి తేదీ తెలిసిన ఖర్చులకు. పై కుటుంబానికి తగ్గించుకోకముందు నెలకు 2,400, తగ్గించుకున్నాక 1,650. ఇది జూన్‌లో, ముహూర్తాల్లో, సంక్రాంతికి ఖర్చయిపోయేదే కాబట్టి దీన్ని చూసి ధైర్యపడొద్దు. రెండోది తేదీ తెలియనివాటికి. నెలకు 1,950. అసలైన అత్యవసర నిధి ఇదే. మొదటిదాన్ని రెండోదానిలో కలిపేస్తే సంక్రాంతి వెళ్లిన మర్నాటికి రెండూ ఖాళీ.

ఎక్కడ దాచాలి? అప్పున్న బ్యాంకులోనే దాచొద్దు. మీరు బాకీ పడితే అదే బ్యాంకులోని మీ సేవింగ్స్ ఖాతాను హోల్డ్‌లో పెట్టి, అందులోని డబ్బును బాకీకి జమ వేసుకునే హక్కు బ్యాంకుకు ఉంటుంది. సరిగ్గా ఆసుపత్రికి డబ్బు కావాల్సిన రోజే అది అందకుండా పోవచ్చు. వేరే బ్యాంకులో కనీస నిల్వ అక్కర్లేని బేసిక్ సేవింగ్స్ ఖాతా గానీ, 500 రూపాయల నిల్వతో నడిచే పోస్టాఫీసు ఖాతా గానీ తెరవండి. దానికి యూపీఐ కలపకండి. ఫోన్‌లో కనిపించే డబ్బు బిర్యానీకి కూడా అత్యవసరమే అనిపిస్తుంది. రెండు మూడు వేలు నగదుగా ఇంట్లో, పోపుల డబ్బాలోనైనా సరే, ఉండనివ్వండి. అర్ధరాత్రి ఆటోకి, క్యాజువాలిటీలో మొదటి రసీదుకి అదే అక్కరకొస్తుంది. పోస్టాఫీసు ఆర్‌డీ, అంటే నెలనెలా కట్టే డిపాజిట్, మంచిదే గానీ ఈ పనికి కుదరదు, మూడేళ్ల లోపు మూసే వీలుండదు.

ఎంతవరకు కూడబెట్టాలి? ముందు ఒక వాయిదాకు సరిపడా, దాన్ని వాయిదా కట్ అయ్యే ఖాతాలోనే ఎప్పుడూ ఉంచండి. ఆటో డెబిట్ ఒకసారి బౌన్స్ అయితే లోన్ ఇచ్చినవాళ్లు 500, మీ బ్యాంకు 300 వేశారనుకోండి, జీఎస్‌టీతో కలిపి 944. ఏమీ కొనకుండా పోయిన డబ్బు. పైగా చెక్కు బౌన్స్‌లాగే ఆటో డెబిట్ బౌన్స్ మీదా 2007 నాటి పేమెంట్ అండ్ సెటిల్‌మెంట్ సిస్టమ్స్ చట్టం కింద కేసు వేసే వీలుంది. ఆ తర్వాత రెండో ఖాతాలో పది వేలు. అది దాటాక రెండు నెలల ఇంటి ఖర్చు దాకా వెళ్లాలా వద్దా అన్నది మీ వడ్డీని బట్టి ఉంటుంది. సెటిల్‌మెంట్‌లో వడ్డీ ఆగిపోయి ఉంటే నిదానంగా నిధి పెంచుకోండి. కార్డు బాకీ మీద ఏడాదికి నలభై శాతం చొప్పున వడ్డీ ఇంకా నడుస్తుంటే మాత్రం పదిహేను వేల దగ్గర ఆపి, పైన మిగిలింది బాకీకి కట్టడమే సరైన లెక్క. బోనస్, ఓవర్‌టైమ్, పంట డబ్బు లాంటివి వస్తే పది వేలు నిండేదాకా నిధికీ బాకీకీ సగం సగం పంచండి.

అయిదో అడుగు: ఖర్చు వచ్చిపడిన రోజు

ముందు ఖర్చునే కొలవండి. ఫ్రిజ్ పాడైతే కొత్తది ఈఎంఐలో కొనమని షోరూం వాడు చెబుతాడు. రిపేరు ఎంతో కనుక్కోండి, పది రోజులు ఆగగలరా చూడండి. బండి లేకపోతే డ్యూటీకి వెళ్లలేని మనిషికి టైరు ఆ రోజే కావాలి, ఫోన్ డిస్‌ప్లే గీత పడితే ఆగొచ్చు.

ఆసుపత్రి అయితే అడ్మిషన్ కౌంటర్ దగ్గర కార్డు గీకేముందు ఆరోగ్యశ్రీ కౌంటర్‌కు వెళ్లండి. తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెరిగింది. ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ ఉంది. ఆ జబ్బు జాబితాలో ఉందో లేదో, ఏ ఆసుపత్రిలో చేస్తారో 104కు ఫోన్ చేసినా తెలుస్తుంది. ఇంట్లో 70 ఏళ్లు దాటినవాళ్లుంటే ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ భారత్ కింద 5 లక్షల దాకా కార్డు తీసుకోవచ్చు. జబ్బు చేయకముందే చేయించి పెట్టండి. సొంత డబ్బు పెట్టాల్సి వస్తే ఒరిజినల్ బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ పారేయకండి, సీఎం సహాయ నిధి దరఖాస్తుకు అవే అడుగుతారు.

నిధి చాలకపోతే డబ్బు తెచ్చుకునే వరుస నా దృష్టిలో ఇది. మొదట జీతం అడ్వాన్స్, అనారోగ్యమైతే పీఎఫ్ అడ్వాన్స్. తర్వాత డ్వాక్రా సంఘంలో సొంత పొదుపు మీద అంతర్గత అప్పు. ఆపైన తోబుట్టువుల దగ్గర చేబదులు, కానీ ఎప్పుడిస్తారో తేదీ చెప్పి తీసుకోండి. తర్వాత బ్యాంకులో బంగారం తాకట్టు. ఏడాదికి తొమ్మిది పది శాతం వడ్డీ అంటే మన ఊరి లెక్కలో నూటికి ముప్పావలా, ఎనభై పైసలు. ఊళ్లో రెండు రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 24 శాతం, ఐదు రూపాయలంటే 60 శాతం. బంగారం మీద మాత్రం అవసరమైనంతే తీసుకోండి. గొలుసుకు అరవై వేలు వస్తుందని కౌంటర్‌లో చెప్పినా మీకు కావాల్సింది పదిహేను వేలైతే పదిహేనుతోనే లేవండి.

కార్డుతో ఏటీఎంలో నగదు తీయడం, లోన్ యాప్‌లు, ఐదు, పది రూపాయల వడ్డీలు ఈ వరుసలో లేవు. కార్డు నగదుకు వడ్డీలేని గడువు ఉండదు, తీసిన రోజు నుంచే మీటరు తిరుగుతుంది. అనుమతి లేని యాప్ ఫోన్‌లోని కాంటాక్టులు చూపించి బెదిరిస్తే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

ఆరో అడుగు: వాయిదా తేదీకి ముందే రాయండి

ఎంత చూసినా ఈ నెల వాయిదా నిండుగా పడదని తెలిసిందనుకోండి. తేదీ దాటాక వాళ్లు ఫోన్ చేస్తే ఎత్తకుండా దాక్కోవడం కంటే, ఐదు రోజుల ముందే మనమే చెప్పడం నూరు రెట్లు నయం. ఫోన్‌లో చెప్పినా సరే, మెయిల్ కూడా పంపాలి. ఇలా రాస్తే చాలు:

"నా లోన్ నంబరు ఫలానా. ఈ ఒప్పందం కింద ఇప్పటిదాకా అన్ని వాయిదాలూ గడువులోగా కట్టాను. 28వ తేదీన మా నాన్నగారిని ఆసుపత్రిలో చేర్చాల్సి వచ్చింది, బిల్లులు జత చేశాను. 5వ తేదీన కట్టాల్సిన 5,400 రూపాయల్లో 2,400 ఆ రోజే కడతాను. మిగిలిన 3,000 వచ్చే మూడు వాయిదాలతో పాటు వెయ్యేసి చొప్పున కడతాను. దీనివల్ల ఒప్పందం రద్దు కాదని, పీనల్ ఛార్జీ పడదని రాతపూర్వకంగా తెలియజేయగలరు."

ఇందులో బతిమాలడం లేదు. ఏం జరిగింది, ఎంత ఇస్తారు, మిగిలింది ఎప్పుడు ఇస్తారు అన్నవి ఉన్నాయి. ఆటో డెబిట్ పూర్తి మొత్తానికి వెళ్లి బౌన్స్ కాకుండా ఆ నెలకు ఆపమని కూడా అడగండి. వాళ్లు ఒప్పుకోకపోయినా ఈ మెయిల్ తర్వాత పనికొస్తుంది. ఆలస్యానికి వేసే పీనల్ ఛార్జీని అసలుకు కలిపి దానిమీద మళ్లీ వడ్డీ లెక్కకట్టకూడదని ఆర్‌బీఐ 2023 ఆగస్టులో చెప్పింది, 2024 నుంచి అది అమల్లో ఉంది. క్రెడిట్ కార్డులకు మాత్రం ఇది వర్తించదు.

ఒకటికి మించి అప్పులుండి అందరికీ చాలకపోతే ఎవరికి ముందు? అద్దె, తిండి, మందులు, కరెంటు తీసేశాకే ఏదైనా. ఆపైన సెటిల్‌మెంట్ విడత, వేలం నోటీసు వచ్చిన బంగారం, ఇంటి లోన్, గ్రూపు లోన్. తాకట్టు లేని కార్డు, పర్సనల్ లోన్ చివర. ఎవడు గట్టిగా అరిస్తే వాడికి ముందు కట్టడం మనలో చాలామందికి అలవాటు, కానీ ఎక్కువగా అరిచేది ఆ చివరివాళ్లే. బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల రికవరీ మనుషులు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు. మైక్రోఫైనాన్స్ అయితే 9 నుంచి 6 మధ్యే.

ఏడో అడుగు: తీసింది తిరిగి నింపండి

నిధిలోంచి ఆరు వేలు తీశారంటే మూడు నుంచి ఆరు నెలల్లో నింపేలా నెలకు వెయ్యో రెండు వేలో అదనంగా వేయండి. అది నిండేదాకా అప్పుకు ముందస్తుగా అదనపు డబ్బు కట్టొద్దు. తీసిన తేదీ, కారణం ఒక పుస్తకంలో రాస్తుంటే మరుసటి ఏడాది రెండో అడుగు పది నిమిషాల పని అవుతుంది. చదివింపుల విషయం ఇంట్లో ముందే మాట్లాడుకోండి: దగ్గరివాళ్లకు ఇంత, ఊరివాళ్లకు ఇంత అని. శుభలేఖ చేతికొచ్చాక ఆ మాట ఎత్తితే ఇద్దరి మధ్య గొడవే మిగులుతుంది.

వరుసగా మూడు నెలలు నిధి ముట్టుకోకుండా ఇల్లు గడవడం లేదంటే ఇబ్బంది అనుకోని ఖర్చులది కాదు, వాయిదా మీ ఆదాయానికి పెద్దదైంది. ఉద్యోగం పోయినా, జీతం తగ్గినా అంతే. అప్పుడు నిధి కరిగిపోయేదాకా ఆగకుండా కొత్త ఆదాయం కాగితాలతో మళ్లీ సవరణ అడగండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, తృప్తిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయొచ్చు, వివరాలకు 14448. కోర్టు దాకా వెళ్లకముందే లోక్ అదాలత్‌లో రాజీకి ప్రయత్నించాలంటే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో దరఖాస్తు ఇవ్వాలి, హెల్ప్‌లైన్ 15100. ఆ రెండు చోట్లకూ వెళ్లేటప్పుడు ఒప్పందం కాగితం, కట్టిన రసీదులు, మీరు పంపిన మెయిల్స్, ఆ ఏడాది ఖర్చుల జాబితా వెంట ఉంచుకోండి.